బియ్యం పిండైతే మళ్ళీ గింజలు కావుగా, మరి అది రసాయనిక మార్పేనా?

"వెనక్కి తిప్పగలిగితే భౌతిక మార్పు, తిప్పలేకపోతే రసాయనిక మార్పు అని ఏడో తరగతి చదివే మా బాబుకి రాయించారు. పిండి పట్టించిన బియ్యం మళ్ళీ గింజలు కావుగా, అది రసాయనిక మార్పా అని వాడడిగితే నా దగ్గర జవాబు లేదు" అన్నారు మీరు.

ముందు వాడికి నా తరఫున శభాష్ చెప్పండి. బియ్యప్పిండి భౌతిక మార్పే. గింజలో ఉన్నదే పిండిలోనూ ఉంది, ముక్కలు చిన్నవయ్యాయి, అంతే. అయోడిన్ చుక్క వేసి చూడండి, నూకైనా పిండైనా నీలినలుపుకే తిరుగుతుంది. తప్పు మీవాడిది కాదు, ఆ వాక్యానిది.

ఆ వాక్యం నేనూ బోర్డు మీద ఏళ్ళ తరబడి రాసిందే. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, మా తమ్ముడికి దిష్టి తీయడానికి అమ్మ ఎర్రనీళ్ళు కలిపింది. నేను ఊరికే నిమ్మచెక్క పిండితే మళ్ళీ పసుపునీళ్ళయిపోయాయి. వెనక్కి వచ్చాయిగా, భౌతిక మార్పని రాయనా?" అంది. "రేపు చెప్తాను" అన్నాను. టీచర్లందరికీ తెలిసిన దారి అది.

ఇంటికొచ్చి గ్లాసులో చిటికెడు పసుపు, కాస్త కిళ్ళీ సున్నం కలిపాను. ఎర్రబడింది. నిమ్మరసం పోస్తే పసుపు. ఇంకాస్త సున్నం వేస్తే మళ్ళీ ఎరుపు. పసుపుకి రంగిచ్చే కర్క్యుమిన్ అణువు నుంచి సున్నం హైడ్రోజన్‌ని లాక్కుంటుంది, దాంతో అది ఎర్రగా కనిపించే వేరే రూపమవుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం ఆ హైడ్రోజన్‌ని తిరిగి ఇస్తుంది. రెండు వైపులా జరిగింది రసాయన చర్యే. మన ఇన్వర్టర్ బ్యాటరీ కూడా రోజూ చేసే పని అదే కదా, వాడితే ఒకవైపు, ఛార్జి పెడితే రెండోవైపు!

మర్నాడు క్లాసులో ఆ గ్లాసుతో పాటు ఇంకో సంగతీ చెప్పాను. నా చిన్నప్పుడు సంక్రాంతి ముందు మా నాన్న బట్టీ నుంచి కాల్చిన సున్నం గడ్డలు తెచ్చి పాత గంగాళంలో వేసి నీళ్ళు పోసేవారు. పొయ్యి లేదు, నిప్పు లేదు, అయినా కుతకుతా ఉడికేది. మమ్మల్ని అరుగు దిగనిచ్చేవారు కాదు. (కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇది మాత్రం పిల్లలతో చేయించకండి.)

ఆ సున్నం కథ లెక్క కట్టి చూస్తే భలే ఉంటుంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. అది 18 కిలోల నీళ్ళు పట్టుకుంటే 74 కిలోల తడి సున్నం. గోడకి కొట్టాక గాలిలోంచి మెల్లగా 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, 18 కిలోల నీళ్ళు వదిలేస్తుంది. మళ్ళీ 100 కిలోలు! కొత్తగా వేసిన గోడకి ఆనుకుంటే చొక్కాకి అంటుకునే సున్నం, రోజులు గడిచేకొద్దీ గట్టిపడేది ఇందుకే. బట్టీలోకి ఏ పదార్థం వెళ్ళిందో, గోడ మీద పూతగా చివరికి మిగిలేదీ అదే. చుట్టూ తిరిగి మొదటికొచ్చినా, మూడు అంచెల్లో ప్రతిదీ రసాయనిక మార్పే.

కాబట్టి మీవాడికి నేర్పాల్సిన ప్రశ్న "వెనక్కి వస్తుందా?" కాదు, "ఇప్పుడున్నది అదే పదార్థమా, వేరేదా?" అన్నది. దీనికి పూజగదిలో కర్పూరం చాలు. మూత సరిగా పెట్టకపోతే బిళ్ళలు తరిగిపోతాయి, కానీ ఆవిరై గదంతా వాసనేసేది కర్పూరమే. ఒక్కోసారి సీసా లోపలి గోడకి పలుకులుగా పేరుకుని కనిపిస్తుంది కూడా. అది భౌతిక మార్పు. అదే బిళ్ళని హారతిలో వెలిగిస్తే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, కాస్త మసి. అక్కడ కర్పూరం లేదు.

రంగు మారింది, వేడెక్కింది, బుడగలొచ్చాయి అన్నవి అనుమానించడానికే పనికొస్తాయి, తీర్పు చెప్పడానికి కాదు. మరిగే నీళ్ళలోనూ బుడగలొస్తాయి, అది నీటి ఆవిరే.

ఇక మార్కుల సంగతి. "కొత్త పదార్థం ఏర్పడితే రసాయనిక మార్పు" అని మొదటి వాక్యం రాయమనండి. వెనక్కి తిప్పడం గురించి రాసేటప్పుడు ముందు "సాధారణంగా" అన్న మాట చేర్చమనండి, ఏ మాస్టారూ మార్కు తీయరు. ఉప్పు నీళ్ళలో కరగడం ఏ మార్పని అడిగితే మాత్రం ప్రస్తుతానికి భౌతిక మార్పనే రాయమనండి. దాని మీద లోతైన వాదన ఉంది, అది ఇంటర్‌కొచ్చాక చూసుకోవచ్చు.