నార్వేలో మేయర్‌కి నిజంగా పవర్ ఉంటుందా, లేక రిబ్బన్ కటింగులేనా?

ఓస్లో వరకైతే మీ అనుమానం నిజమే. అక్కడ 1986 నుంచి నగరానికి మంత్రివర్గం లాంటిది వేరే ఉంది, మేయర్ పని ఎక్కువగా కౌన్సిల్ సమావేశాలు నడపడం, అతిథులకు స్వాగతం చెప్పడం. కానీ నేనుండే ట్రోండ్‌హైమ్‌కి వచ్చి ఆ మాట అనండి చూద్దాం! ఇక్కడ లేబర్ పార్టీకి చెందిన రీతా ఒట్టర్విక్ 2003 నుంచి 2023 దాకా, ఐదు ఎన్నికలు వరుసగా గట్టెక్కి, ఇరవై ఏళ్లు మేయర్‌గా ఉన్నారు. 2003లో కార్మిక సంఘాలు 19 డిమాండ్ల చిట్టా పార్టీల ముందు పెట్టాయి, ఒప్పుకున్నవాళ్లకే మద్దతని. ఒప్పుకున్న పార్టీలు గెలిచాక, ప్రైవేటు చేతిలో పెట్టిన వృద్ధుల సంరక్షణ కేంద్రాలను నగరం వెనక్కి తీసుకుంది.

మన దగ్గర కమిషనర్‌ని రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది, ఆయన ఫైలు కదిపేదాకా మేయర్ ఎదురుచూడాలి. ఇక్కడ ఆ పెద్దాఫీసర్‌ని నియమించేది కౌన్సిలే, మేయర్‌ని ఎన్నుకునేదీ అదే. నన్నడిగితే పవరంతా ఆ ఒక్క తేడాలోనే ఉంది, మిగతాది మేయర్ హోదాకి గుర్తుగా మెడలో వేసుకునే గొలుసంతే.

2019 ఆగస్టులో మెట్రోబస్ అని పొడవాటి బస్సులు దింపి రూట్లన్నీ మార్చేశారు. ఒక్క బస్సులో ఆఫీసుకి పోయేవాణ్ణి, మధ్యలో దిగి మారాల్సి వచ్చింది. నెల తిరక్కుండానే ఊరి మధ్య పార్టీలు చిన్న చిన్న చెక్క స్టాళ్లు పెట్టి కాఫీ, వాఫుల్స్ పంచుతుంటే, లేబర్ వాళ్ల దగ్గర ఆగి నా వచ్చీరాని నార్వేజియన్‌లో కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అక్కడున్న పెద్దావిడ కౌన్సిల్ అభ్యర్థి. వాఫుల్ మీద జామ్ రాస్తూనే ఏ స్టాపు, ఎన్నింటికి, ఎక్కడ మారుతున్నావని అడిగి కాగితం మీద రాసుకుంది, బస్సులు నగరం కాదు, కౌంటీ (మన జిల్లా లాంటిది) చూస్తుందని చెప్పి నా చేతిలో వాఫుల్ పెట్టింది. వెనక జెండాలు లేవు, జై కొట్టే పదిమంది లేరు. నా రూటు మారలేదు, అది వేరే విషయం.

పోలింగ్ రోజు కోపంతో వేరే పార్టీ బ్యాలెట్ కాగితం తీసుకుని, అందులో ఆ వాఫుల్ ఆవిడ పేరు రాసి, మడిచి, స్టాంపు వేయించి డబ్బాలో వేశాను. అలా రాయడానికి రూల్స్ ఒప్పుకుంటాయి.

2023లో కన్జర్వేటివ్‌ల కెంట్ రానుమ్ మేయరయ్యారు. ఇక్కడ మూడేళ్లు వరుసగా ఉన్న విదేశీయులకు కూడా స్థానిక ఎన్నికల్లో ఓటుంది, పేరు నమోదు టెన్షన్ కూడా లేదు. అయినా అర్ధరాత్రి దాకా అమరావతి గురించి కొట్టుకునే మా తెలుగు గ్రూపులో, మన కమ్యూన్ (మునిసిపాలిటీ) మేయరెవరని అడిగితే ఒక్కడు పలకడు. 2027 స్థానిక ఎన్నికల్లోనైనా కదులుతారనే నమ్మకం నాకైతే లేదు.