ఆ రాళ్లు కడక్కు తల్లీ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

టెక్సాస్ ల్యాబులో నీకు అమెరికా మూలవాసులైన తొలి కాడో జనం రాతి పనిముట్లు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ముందు ఆ బ్రష్షు పక్కన పెట్టు.

నా మొదటి తవ్వకాల సీజన్‌లో అరచెయ్యంత ఇసుకరాయి ఒకటి చేతికొచ్చింది, నడిమధ్య చిన్న గుంటతో. మట్టి పట్టిందనుకుని నీళ్లలో ముంచి రుద్దాను. బేసిన్‌లో నీళ్లు జాజు కలిపినట్టు ఎర్రబడ్డాయి. అది వెయ్యేళ్ల కిందట ఎవరో నూరిన రంగో, ఒట్టి మన్నో తేల్చే దారి ఆ నీళ్లతోనే పోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తూర్పు టెక్సాస్‌లో చాలాచోట్ల నేలే ఎర్రన, ఇనుము ఎక్కువ. ఎరుపు కనపడగానే రంగు అని రాసేయకు. లెన్సు పెట్టి చూడు. ఎరుపు గుంటలోనే ఉందా, రాయంతా ఉందా? రేణువుల సందుల్లోకి దిగిందా, పైపైన అంటుకుందా? అదే చోట తీసిన మట్టిని పక్కన పెట్టి పోల్చు. జేగురు (ఎర్ర రంగుమన్ను) ముద్దకు ఒక పక్క చదునుగా అరిగి, దానిమీద సన్నగీతలు ఒకే వైపుకు సాగి ఉంటే దాన్ని రాతిమీద అరగదీశారని అనుకోవచ్చు. ఉత్త ముద్ద అయితే తొందరపడకు. ఇంకో చిక్కుంది: పసుపుపచ్చ ఇనుప మన్ను సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి ఎర్రబడుతుంది. కావాలని కాల్చారా, పొయ్యి పక్కన పడి కాలిందా అన్నది అది దొరికిన చోటును బట్టే తెలుస్తుంది. అందుకే సంచి మీది చీటీ పోనివ్వకు.

కుండపెంకులైతే మరీ జాగ్రత్త. ఆల్టో ఊరి దగ్గర, నేచెస్ నది లోయలోని కాడో దిబ్బల్లో 1939-41లో పెద్ద తవ్వకాలు జరిగాయి. వీలైతే ఒకసారి వెళ్లి చూసిరా. కాడో వాళ్లు నున్నటి కుండలమీద సన్నగా గీతలు చెక్కి, వాటిలో ఎర్ర జేగురో తెల్ల బంకమన్నో రుద్దేవారు. ఆ గీతల్లో ఉన్నది మురికిలాగే కనిపిస్తుంది. పుల్ల కూడా పెట్టకు.

సమాధుల్లోనూ రంగుమన్ను పెట్టేవారు. చీటీమీద సమాధి అని ఉంటే ఆ సంచి విప్పకు, పెద్దవాళ్లను అడుగు. కాడో జనం ఇవాళా ఉన్నారు, వాళ్ల తెగ ప్రభుత్వం, అంటే కాడో నేషన్, ఆఫీసు ఒక్లహోమాలోని బింగర్‌లో ఉంది. అవి వాళ్ల పూర్వీకులవి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకమ్మా, నాక్కూడా పంపకు.

నీ మామయ్య