చాసో కథల మీద నీ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

చాసో, అదే చాగంటి సోమయాజులు, కథల సంపుటి ‘చాసో కథలు’ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. కోపం వచ్చింది. ‘ఎంపు’ కథను నాలుగు వాక్యాల్లో చెప్పేసి, ‘సమాజానికి అద్దం పట్టింది’ అని ముగించి పక్క కథలోకి వెళ్లిపోయావు. ఆ మాట ఏ కథకైనా అతుకుతుంది, అందుకే దేని గురించీ ఏమీ చెప్పదు.

ముష్టెత్తి బతికే తండ్రి కూతురికి మొగుణ్ణి ఎంచుతున్నాడు. పిల్ల మనసు కుంటివాడి మీద ఉంది. గుడ్డివాడే మేలంటాడు తండ్రి, గుడ్డివాడికి ముష్టి ఎక్కువ పడుతుంది కనుక. కలిగినవాళ్ల ఇళ్లలో పెళ్లికొడుకు జీతం, పొలం లెక్కవేసే తీరు ఇదే కదా! చాసో ఆ పోలిక పైకి అనడు, మనకే తట్టనిస్తాడు. నువ్వు ఆగవలసింది అక్కడ.

‘వాయులీనం’ దగ్గర మాత్రం ఆగావు. జబ్బుపడ్డ భార్య కోసం ఆమె ఫిడేలే అమ్మేసిన భర్తను తిట్టలేకపోయానని రాశావు. వ్యాసం మొత్తంలో నీ సొంత వాక్యం అదొక్కటే, మంచి వాక్యం. దాన్ని పట్టుకుని ‘ఎంపు’కు వెనక్కి రా. ముసలి మొగుడు పోతే ఆస్తి దక్కడానికి కొడుకు కావలసివచ్చిన ‘ఏలూరెళ్ళాలి’ ఇల్లాలి దగ్గరికి వెళ్లు. పెళ్లి, సంగీతం, బిడ్డ, ఎక్కడ చూసినా డబ్బు ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. ఈ ముగ్గురిలో దుర్మార్గులు ఎవరూ లేరు. పత్రికల్లో ఒక్కో కథా విడిగా చదివినవారికి ఇది అందకపోవచ్చు, సంపుటిగా చదివిన నీకు అందాలి. ఒకే రచయిత పుస్తకం మీద రాయడానికి నాకు తెలిసిన కారణం ఇదే.

ఈ సారాంశాల జబ్బు పత్రికలు అంటించినది. గుమాస్తాగా పనిచేస్తూ, పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాసుకునే రోజుల్లో ఒక వారపత్రికకు ఒకే కథ మీద పెద్ద వ్యాసం పంపాను. నేను ప్రాణం పెట్టి రాసిన భాగమంతా కోసేసి, ‘ప్రతి ఒక్కరూ చదవవలసిన పుస్తకం’ అని సంపాదకుడే చేర్చి నా పేరుతో వేశాడు. ఆ వాక్యం నాది కాదని ఎంతమందికి చెప్పుకోగలను? పుస్తకం తెరవకుండా ఆవిష్కరణ సభలో అరగంట మాట్లాడేవాళ్లను చూస్తే ఈనాటికీ ఆ మంటే.

1942లో ‘భారతి’ పత్రికలో తొలి కథ వచ్చిన తర్వాత కూడా చాసో తక్కువే రాశాడు, చిన్నవే రాశాడు. అంత చిన్న కథలకు సారాంశమెందుకు? మూడు కథలు ఉంచి మిగతావి తీసెయ్. ‘కుంకుడాకు’ మళ్లీ చదివి, అది ఈ మూడింటి పక్కన నిలుస్తుందో లేదో నాకు రాయి. ఎక్కడ అచ్చువేయించాలన్న సంగతి తర్వాత.