స్ట్రింగును ఫ్లోట్‌కు మార్చాలా, ఫ్లోట్‌గా మార్చాలా?

సందేహం: నేను ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని నోట్సు తెలుగులో రాసిస్తున్నాను. ఒక పాఠానికి 'స్ట్రింగును ఫ్లోట్‌కు మార్చడం' (స్ట్రింగు అంటే అక్షరాల వరుస, ఫ్లోట్ అంటే చుక్కతో రాసే సంఖ్య) అని పేరు పెడితే, అది తెలుగు కాదు, 'ఫ్లోట్‌గా' అనాలి అన్నారు తోటి లెక్చరర్. ఏది సరైనది? 'తీగను తేలే బిందువుగా మార్చడం' అని కూడా ఒకచోట చూశాను. అలా రాయొచ్చా?

సమాధానం: మీ తోటి లెక్చరర్ మాటే నిజం. సామాన్లు కొత్త ఇంటికి మారుస్తాం, పిల్లాణ్ని వేరే బడికి మారుస్తాం. అక్కడ మారేది చోటు, అందుకే 'కి, కు'. రూపం మారితే 'గా' రావాలి: నీరు ఆవిరిగా మారింది. పైథాన్ తప్పు చూపించేటప్పుడు 'కుడ్ నాట్ కన్వర్ట్ స్ట్రింగ్ టు ఫ్లోట్' అంటుంది కదా, ఆ 'టు' మీ 'కు'లోకి దూరింది.

అయితే నాకు 'ఫ్లోట్‌గా మార్చడం' కూడా పూర్తిగా నచ్చదు. నీరు ఆవిరిగా మారాక నీరు మిగలదు, కానీ ఇక్కడ స్ట్రింగు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, దాన్ని చూసి పైథాన్ ఇంకో కొత్త విలువను తయారుచేసి ఇస్తుంది, దాన్ని మనం ఎక్కడో ఒకచోట దాచుకోవాలి. పిల్లలు 'ఫ్లోట్(ధర)' అని ఒక వరుస రాసి, ఇక ధర మారిపోయిందనుకుని, కింద ధరకు ధర కలుపుతారు. ధరలో ఉన్నది "12.50" అయితే 25 రాదు, "12.5012.50" వస్తుంది. రాయాల్సింది 'ధర = ఫ్లోట్(ధర)' అని. ఈ తప్పులో సగం 'మార్చడం' అన్న మాటదే అని నా నమ్మకం. 'స్ట్రింగును ఫ్లోట్‌గా చదవడం' అని చెప్పి చూడండి. చదివినంత మాత్రాన కాగితం మారదని పిల్లలకు తెలుసు.

ఇంకో మాట, ఇది మనకు తెలుగులోనే ఉంది, వాడుకోవడం లేదంతే. అంకె వేరు, సంఖ్య వేరు. 125లో అంకెలు మూడు, సంఖ్య ఒకటే. స్ట్రింగులో ఉండేవి అంకెలు, అంటే గీతలు, గుర్తులు; ఫ్లోట్‌లో ఉండేది సంఖ్య. "12.5", "12.50" రెండు వేర్వేరు స్ట్రింగులు, సంఖ్య ఒక్కటే. "100", "25" అనే స్ట్రింగులను క్రమంలో పెట్టమంటే నిఘంటువులో మాటల్లాగా మొదటి గుర్తు చూసి 100నే ముందు పెడుతుంది. అన్నిటికంటే నాకు ఇష్టమైన ఉదాహరణ మన అంకెలదే: "౧౨.౫" అని తెలుగు అంకెల్లో రాసి ఇచ్చినా పైథాన్ ఫ్లోట్ దాన్ని 12.5గా చదువుతుంది! రెండు స్ట్రింగుల్లో చుక్క తప్ప కలిసే గుర్తు ఒక్కటీ లేదు, సంఖ్య మాత్రం అదే. ఇది ఒక్కటి బోర్డు మీద చూపిస్తే అంకెకూ సంఖ్యకూ తేడా ఇక మర్చిపోరు. జావాస్క్రిప్టు అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషకు మాత్రం తెలుగు అంకెలు అర్థం కావు.

చదవడం అన్నాం కాబట్టి తప్పు చదవడమూ ఉంటుంది. మనం "1,25,000" చూడగానే లక్షా పాతిక వేలు అంటాం, పైథాన్ కామా దగ్గర ఆగి ఇది నావల్ల కాదని తప్పు చూపిస్తుంది. జావాస్క్రిప్టులో ఇదే పని చేసే పార్స్‌ఫ్లోట్ అయితే కామా దాకా చదివి 1 అని ఇచ్చి ఊరుకుంటుంది, మారు మాట్లాడదు. నా దృష్టిలో రెండోదే ప్రమాదం. కామాలు ముందే తీసేయమని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఇక స్ట్రింగుకు తీగ, ఫ్లోట్ పూర్తి పేరైన 'ఫ్లోటింగ్ పాయింట్'కు తేలే బిందువు. వద్దు. తీగ అంటే మల్లెతీగో కరెంటు తీగో గుర్తొస్తుంది. స్ట్రింగు అనేయండి, వివరించేటప్పుడు 'అక్షరాల వరుస' అనండి. 'తేలడం' ఇంకా చిక్కు, లెక్కల దగ్గర ఆ మాటకు మనకు వేరే అర్థం ఉంది: లెక్క తేలింది, తేలలేదు అంటాం. ఇక్కడ జరిగేది వేరు. 1.25ను వెయ్యితో గుణిస్తే 1250, వెయ్యితో భాగిస్తే 0.00125. అంకెలు అవే, చుక్క అటూ ఇటూ జరుగుతోంది. అంకెలను ఒకచోట, చుక్క ఎంత జరగాలో ఇంకోచోట దాచుకునే పద్ధతి కాబట్టి ఆ పేరు. 'జరిగే చుక్క' అంటే విషయం తెలుస్తుంది, పేరు మాత్రం ఫ్లోట్ అనే ఉండనివ్వండి.

దశాంశం అంటే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. సరిపోదు. దశాంశం అంటే పదో వంతు, కంప్యూటరు లోపల లెక్క రెండుతో నడుస్తుంది, పదో వంతు అందులో కచ్చితంగా ఇమడదు. అందుకే 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అదే మన పాత భిన్నాలు చూడండి: అర, పావు, పదహారో వంతు వీసం. ఇవన్నీ సగంలో సగం చేసుకుంటూ వచ్చినవే, కాబట్టి 0.5, 0.25, 0.0625 ఫ్లోట్‌లో వీసమెత్తు తేడా లేకుండా కూర్చుంటాయి. ఈ సంగతి తట్టిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

క్లాసులో పైకి చదివేటప్పుడు కూడా ఈ తేడా వినిపించేలా చూడండి. "12.50" స్ట్రింగుగా ఉన్నంతసేపూ ఒకటి, రెండు, చుక్క, ఐదు, సున్నా అని గుర్తు గుర్తుగా చదవండి. ఫ్లోట్ అయ్యాక పన్నెండున్నర అనండి.