అన్న కొడుకు పంపే డబ్బు నాటక సమాజానికి తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పదకొండు మందిమి కలిసి ఇరవై ఏళ్లుగా తెలుగు పద్యనాటకాలు ఆడుతున్నాం. సమాజానికి రిజిస్ట్రేషన్ లేదు. చందాలన్నీ నా సేవింగ్స్ ఖాతాలోనే వేస్తాం. హార్మోనియం, కిరీటాలు కొనడానికి, పిల్లలకు పద్యం నేర్పడానికి అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఐదు లక్షలు పంపుతానంటున్నాడు. నా ఖాతాలో వేయించుకోవచ్చా? ఒక కంపెనీని సీఎస్‌ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే డబ్బు) కూడా అడగవచ్చా?

జవాబు: గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో, ఒడియా బడికి వెళ్లే పిల్లల చేత తెలుగు పద్యం పాడిస్తున్నారంటే మీకు దండం పెట్టాలి. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఆ డబ్బు మీ ఖాతాలో వేయించుకోకండి.

ముందు ఆ అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోండి. గ్రీన్‌కార్డు ఉన్నా పాస్‌పోర్టు మనదే అయితే, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైతే మాత్రం, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, సెలవులకు వచ్చి మీ చేతికి రూపాయల్లో ఇచ్చినా, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వర్తిస్తుంది. మీరితే ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

‘బంధువులు పది లక్షల దాకా ప్రభుత్వానికి చెప్పకుండానే పంపవచ్చట కదా’ అని ఎవరైనా అంటారు. ఆ వెసులుబాటు సొంత అవసరాలకే, సమాజానికి కాదు. పైగా ఆ చట్టం చెప్పే బంధువుల జాబితాలో అన్న కొడుకు లేడు. ఆదాయపు పన్నులోనూ ఇదే తిరకాసు. బాబాయి అబ్బాయికిస్తే పన్ను లేదు. అబ్బాయి బాబాయికి ఏడాదిలో యాభై వేలు దాటి ఇస్తే, ఆ మొత్తమంతా బాబాయి ఆదాయమే.

కాబట్టి డబ్బు సమాజం పేరునే రావాలి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సంతకం పెడితే చాలు. లలితకళల కోసం పెట్టే సంఘాలు ఆ చట్టంలోనే ఉన్నాయి. తర్వాత సమాజం పేరున పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. అబ్బాయి భారత పౌరుడైతే నేరుగా అందులో వేయవచ్చు. కాకపోతే ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని రాసి కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి అడగాలి. ఎఫ్‌సీఆర్‌ఏ కింద పూర్తి రిజిస్ట్రేషన్‌కైతే సంఘానికి మూడేళ్ల వయసు, పదిహేను లక్షల ఖర్చు చూపించాలి, అది మీకు ఇప్పట్లో కుదరదు.

సీఎస్‌ఆర్‌కు కొంచెం ఆగాలి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సంప్రదాయ కళలు ఉన్నాయి, అడగడంలో తప్పులేదు. కానీ ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను రాయితీ), సీఎస్‌ఆర్ నిధులు తీసుకునే సంస్థగా నమోదైనట్టు సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. పాత కరపత్రాలు, ఫొటోలు, హార్మోనియం రిపేరు రసీదులు పారేయకండి.

ఇంకొక్క మాట. రేపు మీకేమైనా అయితే, ఆ పాస్‌బుక్‌లోని చందాలు సమాజానివని మీ వారసులకు ఎవరు చెప్పాలి? కొత్త ఖాతా తెరవగానే వాటిని చెక్కుతో అందులోకి మార్చి, ఆ లెక్క మినిట్స్ (సమావేశాల తీర్మానాల) పుస్తకంలో రాయించి, అందరి చేత సంతకాలు పెట్టించండి.