8 ఎకరాల బత్తాయి తోట, నడుం ఎత్తు కలుపు: గడ్డి కోసే మిషన్ ఏది తీసుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి హాలియా దగ్గర 8 ఎకరాల బత్తాయి తోట, ఎర్ర చెల్క, వానలు పడ్డాక నడుం ఎత్తు గడ్డి, కూలీలు దొరకడం లేదు. ఆన్‌లైన్‌లో 10 వేల లోపు వచ్చే 52 సీసీ మిషన్ తీసుకోవాలా, షోరూంలో 30 వేల దాకా చెప్తున్న 35 సీసీ తీసుకోవాలా అన్నది మీ డౌట్. గుర్రంపోడు వైపు మాదీ బత్తాయి తోటే. బ్రష్ కట్టర్‌తోనే, అంటే భుజానికి తగిలించుకుని గడ్డి కోసే ఈ మిషన్‌తోనే, ఏళ్లుగా నెట్టుకొస్తున్నాం కాబట్టి మా అనుభవం చెప్తా.

ముందు సీసీ లెక్క పక్కన పెట్టండి అన్నా. చూడాల్సింది ఇంజిన్ ఇచ్చే పవర్, అంటే కిలోవాట్లు. హోండా జీఎక్స్35 ఇంజిన్ 35.8 సీసీ, 4 స్ట్రోక్, పవర్ 1 కిలోవాట్. స్టిల్ ఎఫ్ఎస్ 120 చూస్తే 30.8 సీసీనే, కానీ 2 స్ట్రోక్ కాబట్టి 1.3 కిలోవాట్లు ఇస్తుంది. అదే కంపెనీ ఎఫ్ఎస్ 250 అయితే 40.2 సీసీ, 1.6 కిలోవాట్లు. కాబట్టి డబ్బా మీద 52 అని పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన అది బలమైన మిషన్ అయిపోదు. పవర్ ఎంతో, ఎన్ని ఆర్పీఎం దగ్గర వస్తుందో పుస్తకంలో రాయని మిషన్‌ని నేనైతే ముట్టను.

అంతకంటే ముఖ్యం విడిభాగాలు. మా బావమరిది ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి తెప్పించాడు. కోత బాగానే కోసింది, ఆ మాట కాదనను. సరిగ్గా వానాకాలం మధ్యలో స్టార్టర్ తాడు చుట్టుకునే ప్లాస్టిక్ కప్పీ పగిలింది. దాని ఖరీదు ఏ వంద రూపాయలో ఉంటుంది. కానీ ఆ సైజుది నల్లగొండలో లేదు, మిర్యాలగూడలో లేదు, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు. మిషన్ కొట్టంలో, గడ్డి తోటలో ఉండిపోయాయి. అందుకే కొనేముందు షాపుకు పోయి కార్బొరేటర్ డయాఫ్రం, స్టార్టర్ తాడు, క్లచ్ షూలు, గేర్ హెడ్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా అని అడగండి. "తెప్పిస్తాం సార్" అంటే లేవనే అర్థం. మీకు హాలియాలోనో, సాగర్ రోడ్డు మీదో, మిర్యాలగూడలోనో ఏ కంపెనీ మిషన్ విప్పి బాగుచేసే మెకానిక్ ఉన్నాడో కనుక్కుని, ఆ కంపెనీదే తీసుకోండి. కంపెనీ పేరు నాకు ఆ తర్వాతి సంగతి.

2 స్ట్రోకా, 4 స్ట్రోకా అంటే, నడిపేది ఎవరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2 స్ట్రోక్ తేలిక, బలం ఎక్కువ, కానీ పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలపాలి. కొన్ని మిషన్లకు లీటరుకు 20 మి.లీ., కొన్నిటికి 40 మి.లీ., పుస్తకంలో ఉన్నదే కొలత. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గు నల్లబడి స్టార్ట్ కాదు. మీరే నడిపితే ఫర్వాలేదు. జీతగాడో, రోజుకొక కూలీయో నడిపితే 4 స్ట్రోక్ నయం. మామూలు పెట్రోల్ పోస్తారు, తాగుడు తక్కువ, సప్పుడూ కొంచెం తక్కువే. అయితే దాని ఇంజిన్‌లో పట్టేది 100 మి.లీ. ఆయిల్ మాత్రమే. టీ గ్లాసంత ఆయిల్‌లో కొంచెం తగ్గినా ఇంజిన్‌కు దెబ్బే కాబట్టి రోజూ స్టార్ట్ చేసేముందు మూత తీసి చూడాలి. కొత్తలో 10 గంటలు నడిచాక ఒకసారి, ఆ తర్వాత 50 గంటలకోసారి మార్చాలి. ఇంట్లో స్ప్రేయర్ ఏదైనా 2 స్ట్రోక్‌ది ఉంటే రెండు క్యాన్లకూ రంగు పూసి వేరుగా పెట్టండి. మా దగ్గర ఆయిల్ కలిపిన పెట్రోల్ క్యాన్‌కు ఎర్ర రంగు.

మీ నేలకు, మీ కలుపుకు నా ఓటు మంచి 35 సీసీ 4 స్ట్రోక్‌కే. గట్ల వెంట సర్కారు తుమ్మ మొక్కలు బాగా ఉంటే మాత్రం 40 సీసీ దరిదాపుల్లో మంచి 2 స్ట్రోక్ తీసుకుని పళ్ల బ్లేడు వేసుకోండి. అదీ బొటనవేలంత లావు కొమ్మల వరకే. మణికట్టంత తుమ్మను దీనితో కొట్టించి గేర్ హెడ్ పోగొట్టుకునే బదులు గొడ్డలో, జేసీబీయో మేలు.

మిషన్ కింది చివర తిరిగే హెడ్‌కు నైలాన్ వైరు వేయాలా, ఇనుప బ్లేడు వేయాలా అని కూడా అడిగారు. చెల్క నేలలో రాళ్లుంటాయి, పైగా మీకు డ్రిప్ ఉంది అన్నారు. గడ్డి కమ్మేసిన చోట 16 ఎంఎం పైపు అసలు కనపడదు. బ్లేడు తగిలితే ఒక్క చప్పుడు కూడా రాకుండా తెగుతుంది, మోటర్ వేసినప్పుడు గానీ తెలియదు. వైరు కూడా పైపును గీస్తుంది కానీ బ్లేడంత నష్టం చేయదు. అందుకే సాళ్ల వెంట వైరు, గట్ల మీద బ్లేడు. వైరు 3 ఎంఎం గుండ్రటిది తీసుకోండి, మీ హెడ్‌కు పడుతుందో లేదో ముందు చూసుకుని. పలకల వైరు గడ్డిని బాగా కోస్తుంది గానీ రాళ్ల నేలలో తొందరగా అరుగుతుంది. ఎండాకాలం అంతా రేకుల కింద పడున్న వైరు పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా తెగుతుంటే పారేయకండి. రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది. నైలాన్ నీరు పీలుస్తుంది కదా.

హెడ్ దగ్గరుండే గార్డు చాలామంది విప్పేస్తారు, వైరు పొడుగ్గా వదిలితే పని తొందరగా అవుతుందని. అది పొడుగైతే ఇంజిన్ మీద లోడు పెరిగి క్లచ్ కాలిన వాసన వస్తుంది, రాళ్లు నేరుగా కాళ్ల మీదికి వస్తాయి. గార్డు ఉండనివ్వండి.

నడుం ఎత్తు గడ్డిని ఒకేసారి నేల దగ్గర కొడితే కాడలన్నీ హెడ్‌కు చుట్టుకుంటాయి. ముందు పైసగం, తర్వాత కింద. మామూలుగా ఇవి కుడి నుంచి ఎడమకు ఊపుతూ కోయాలి, అప్పుడు కోసిన గడ్డి కోసేసిన వైపే పడుతుంది.

ఇప్పుడు బత్తాయి రైతుగా గట్టిగా చెప్పాల్సిన మాట. చెట్టు మొదలు దగ్గరికి వైరు పోనివ్వకండి. తిరిగే వైరు బెరడును గీసేస్తుంది, అప్పటికి ఏమీ కనపడదు. ఆ గాయంలోంచి ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి చేరితే బంక తెగులు మొదలవుతుంది. మొదలు దగ్గర జిగురు కారుతూ, బెరడు పగిలి, చెట్టు మెల్లగా ఎండుతుంది. చుట్టూ బెరడు పోయిందంటే చెట్టు దక్కదు. కాండం చుట్టూ రెండడుగులు చేత్తోనే కలుపు తీయించండి. మిషన్ నడిపేవాడికి ఇది చెప్పి వదిలేయొద్దు, మొదటి రోజు దగ్గరుండి చూడండి.

ఇక 8 ఎకరాలూ ఈ మిషన్‌తోనే అంటే కష్టం. గడ్డి దట్టంగా ఉంటే మా దగ్గర ఒక మనిషికి రోజుకు అర ఎకరం నుంచి ఎకరం మధ్యే అవుతుంది. చివరి సాలుకు వచ్చేసరికి మొదటి సాలులో మళ్లీ మొలిచి ఉంటుంది. సాళ్ల మధ్య చిన్న ట్రాక్టర్‌కు స్లాషర్ పెట్టి కోయించండి, కిరాయికైనా సరే. రోటవేటర్ ప్రతిసారీ వద్దు. బత్తాయికి మేత వేర్లు పైపైనే ఉంటాయి, అవి తెగుతాయి. బ్రష్ కట్టర్‌ను డ్రిప్ వెంట, గట్లకు, కంచె పక్కన ఉంచుకుంటే 8 ఎకరాలకు ఒక్కటి సరిపోతుంది. కోసిన గడ్డి అక్కడే వదిలేయండి, తేమ నిలుస్తుంది.

తుంగ మాత్రం కోతకు చావదు, భూమిలో గడ్డలుంటాయి. కోసిన కొద్ది రోజులకే మళ్లీ నిలబడుతుంది. దాని మీద కోపంతో నేల గీకేలా కోసి వైరు దండగ చేసుకోకండి. వయ్యారిభామను పూత రాకముందే కోయాలి, ఒక్కో మొక్కకు వేల గింజలు. కోస్తుంటే తుంపర్లు మెడ మీద, ముంజేతుల మీద పడి కొందరికి దద్దుర్లు, దురద వస్తాయి. నిండు చేతుల చొక్కా, మూతికి గుడ్డ, కళ్లకు వైజర్, కాళ్లకు గమ్ బూట్లు తప్పనిసరి. మన తోటల్లో రక్తపింజర ఎక్కువ కాబట్టి బూట్లు రెండిందాలా పనికొస్తాయి. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోమంటే కూలీలు నవ్వుతారు, మీరు మాత్రం పెట్టుకోండి.

సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమ లాగుతుంది. నెలల తరబడి ట్యాంకులోనే ఉంటే కార్బొరేటర్ జామ్ అవుతుంది. నిరుడు నడిచింది ఈసారి స్టార్ట్ కావట్లేదు అని మెకానిక్ దగ్గరికి వచ్చే మిషన్లలో చాలావాటి కథ ఇదే.

బ్యాటరీ మిషన్ల గురించి కూడా అడిగారు. ఇంటి ముందు గడ్డికి బాగుంటాయి, మీ తోటకు చాలవు. సబ్సిడీ ఉందేమో మీ మండల ఏవోను (వ్యవసాయాధికారిని) అడిగి, అప్లికేషన్ తర్వాతే కొనండి. ముందే కొన్న బిల్లుకు సబ్సిడీ రావడం కష్టం.

మీ డ్రిప్ పైపులు సాలుకు ఒక వరసా, రెండు వరసలా? కొమ్మలు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయి? అది చెప్తే సైకిల్ హ్యాండిల్ ఉన్నది తీసుకోవాలా, గుండ్రటి హ్యాండిల్‌దా అన్నది చెప్తా. కొమ్మలు కిందికి వాలి ఉంటే సైకిల్ హ్యాండిల్ మాటిమాటికీ తగులుకుంటుంది.