రెజ్యూమేలోని ప్రతి వాక్యానికీ నువ్వే జవాబుదారీ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీకు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిందని మీ నాన్న చెప్పగా విని చాలా సంతోషించాను. ఎలా సిద్ధం కావాలో రాయమని అడిగావు కనుక, బల్లకు అవతలివైపు కూర్చుని అభ్యర్థులను ప్రశ్నించినవాడిగా నాకు తోచినవి రాస్తున్నాను.

ఏ ప్రశ్నలు వస్తాయో ఊహించి, వాటికి జవాబులు బట్టీ పట్టడంలోనే చాలామంది ఉన్న సమయమంతా ఖర్చు చేస్తారు. నువ్వు మాత్రం ఆ పని పక్కన పెట్టి, ఉద్యోగ ప్రకటననూ నీ రెజ్యూమేనూ ఎదురుగా పెట్టుకుని కూర్చో. ప్రకటనలో కోరిన ఒక్కొక్క నైపుణ్యానికీ, దాన్ని నువ్వు నిజంగా ఉపయోగించిన సందర్భం ఒకటి రాసుకో. రెజ్యూమే ఎలాగూ పంపేశావు కాబట్టి అందులోంచి ఇప్పుడు ఏదీ కొట్టెయ్యలేవు. పైపైన మాత్రమే తెలిసిన విషయం ఏదైనా అందులో చేరి ఉంటే, మిగిలిన రోజుల్లో ముందుగా చదవవలసింది దాన్నే, ఎందుకంటే ప్రశ్నించేవారి చేతిలో ఉండేది ఆ కాగితమే.

1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి, అందరినీ ఒకే విధమైన ప్రశ్నలు అడిగి ఒకే కొలమానంతో తూచే ఇంటర్వ్యూలు, పిచ్చాపాటీగా సాగే ఇంటర్వ్యూల కంటే పనితనాన్ని మెరుగ్గా అంచనా వేస్తాయని చూపించారు. ఆ పద్ధతి పాటించే చోట ప్రతి జవాబుకూ విడిగా మార్కులుంటాయి, కనుక ఒక ప్రశ్నకు అదరగొట్టి మరొకదాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తే నష్టపోయేది నువ్వే.

మార్కులు వెయ్యడానికి వీలైన జవాబంటే ఎలా ఉంటుందో చెబుతాను. జట్టులో అభిప్రాయభేదం వస్తే ఏం చేశావని అడిగారనుకో. "అందరం కూర్చుని మాట్లాడుకుని పరిష్కరించుకున్నాం" అంటే అందులో నువ్వెక్కడా కనిపించవు. "నివేదిక గడువు మూడు రోజులు ఉందనగా ఇద్దరి లెక్కలు కలవలేదు, నేను రెండు పట్టికలనూ వరుసవారీగా సరిపోల్చి, తేడా వచ్చిన చోట్లు మాత్రమే గుర్తుపెట్టి ఇద్దరికీ చూపించాను, ముందురోజే నివేదిక అందించగలిగాం" అంటే సందర్భం, బాధ్యత, నువ్వు చేసిన పని, ఫలితం నాలుగూ అందులో ఉన్నాయి. ఇలాంటి సంఘటనలు అయిదారు సిద్ధంగా ఉంటే, ప్రశ్న ఎటు తిప్పి అడిగినా వాటిలో ఏదో ఒకటి అక్కరకు వస్తుంది. అయితే వాటిని వాక్యాలుగా కంఠస్థం చెయ్యకు; అప్పజెప్పే గొంతు ఇట్టే తెలిసిపోతుంది. పైకి చదువుతూ గడియారం చూసుకో, రెండు నిమిషాలు దాటితే కత్తిరించు.

తెలియని ప్రశ్న వస్తే నీళ్లు నమలకుండా తెలియదని చెప్పి, తెలుసుకోవలసి వస్తే ఎక్కడి నుంచి మొదలుపెడతావో ఒక వాక్యంలో చెప్పు. జీతం ప్రస్తావన వాళ్లు తెచ్చేదాకా ఆగు, కానీ ఆ స్థాయి ఉద్యోగానికి ఎంత ఇస్తున్నారో ముందే విచారించి ఉంచుకో. ఇంటర్వ్యూ వీడియోలో జరిగితే కెమెరా కంటి ఎత్తున, వెలుతురు ముఖం మీద పడేలా చూసుకుంటే చాలు. దుస్తుల గురించి ఇంట్లో అందరూ చెబుతారు, నేను చెప్పను.

చివర్లో "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటే ఏమీ లేదనకు. చేరిన మొదటి ఆరు నెలల్లో ఈ ఉద్యోగి నుంచి ఏం ఆశిస్తున్నారని అడుగు. ఆ జవాబును బట్టి ఆ ఉద్యోగం నీకు సరిపోతుందో లేదో నువ్వూ తేల్చుకోవచ్చు. ఇంటికి వచ్చిన వెంటనే, వాళ్లు అడిగినవీ నువ్వు చెప్పినవీ, ముఖ్యంగా అంకెలు, మరచిపోకముందే రాసిపెట్టు. రెండో విడతకు పిలిస్తే కొత్తవారు అవే ప్రశ్నలు మళ్లీ అడగవచ్చు, మొదటివారు రాసుకున్న కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న